మూతలోని అక్షరాల పట్టిక



32 ఏళ్లు ట్రంక్ ఎక్స్ఛేంజిలో పనిచేసినవాణ్ని. రిటైరయ్యాక పాత ఫోన్ల పిచ్చి పట్టుకుంది. మా అబ్బాయి జర్మనీలో ఉండగా అక్కడి పాత సామాన్ల సంతలో ‘ఫెల్డ్‌ఫెర్న్‌ష్ప్రెహెర్ 33’ ఒకటి కొన్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం వాడిన ఫీల్డ్ టెలిఫోను. బేకలైట్ పెట్టె, పక్కన తిప్పే హ్యాండిల్, లోపల బ్యాటరీ. మన మాగ్నెటో ఫోను ఎరిగినవారికి కొత్తేమీ కాదు. పెట్టె ఒకదానిది, రిసీవరు మరొకదానిది కలిపి అమ్మేవారుంటారు. కంపెనీ సంకేతాక్షరాలు, సంవత్సరం పోల్చి చూసుకోవాలి. నేను చూసుకోలేదు, మోసపోయాను. అది వేరే సంగతి.

మూత లోపల స్పెల్లింగు పట్టిక ఉంది, మనం ‘బి ఫర్ బాంబే, ఎమ్ ఫర్ మద్రాస్’ అన్నట్టే. ‘ఎన్’కి ‘నోర్ట్‌పోల్’, అంటే ఉత్తర ధ్రువం. ఇదేం మాటని విచారిస్తే, పూర్వం అక్కడ ‘నాథన్’ ఉండేదట. యూదుల పేర్లు తీసెయ్యమని 1933లో రోస్టాక్ నుంచి ఒకాయన తపాలా శాఖకు కార్డు రాశాడు. 1934లో నాథన్, డేవిడ్, సామ్యూల్ పోయారు. తీసింది సైన్యం కాదు, టెలిఫోన్లు నడిపే తపాలా శాఖే. మన శాఖ లాంటిదే!

ఆ సీట్లో నేనుంటే? పైనుంచి సర్క్యులర్ వస్తే అమలు చేయడమే కదా మనం నేర్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2022లో జర్మన్లు ఆఫీసుల వాడకానికి ఊళ్ల పేర్లతో కొత్త పట్టిక తెచ్చారు. ‘ఎన్’కి న్యూరెంబర్గ్.

ఫోను ఆ బల్లమీద ఉంది, టీ తాగుతూ చూడండి. తీగలు పట్టుకుని మాత్రం హ్యాండిల్ తిప్పకండి, షాకు కొడుతుంది.