ఇల్లే ఆఫీసయితే హక్కులెక్కడ?



కాంట్రాక్టు శ్రమ అనగానే మనకు మున్సిపాలిటీలో చీపురు పట్టిన స్త్రీ, ఆసుపత్రిలో ఆయా గుర్తొస్తారు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్న నెట్‌వర్క్ ఇంజనీరు గుర్తుకు రాదు. చదువుకుంది, ఇంగ్లీషు మాట్లాడుతుంది, ఆమెకేం కష్టం అనుకుంటాం. కానీ ఆమె పని షరతుల్ని చూస్తే ఈ స్త్రీల మధ్య మనం అనుకున్నంత దూరం లేదని తెలుస్తుంది.

కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇలాంటి కళాశాలలు వరసగా వచ్చాయి. ఆడపిల్లలూ చదివారు. ఉద్యోగాలు మాత్రం హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉండేవి. పెళ్ళయి బిడ్డ పుట్టాక చాలామంది వాటిని వదులుకోవలసి వచ్చేది. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ ఈ పని ఇంటి నుంచి కూడా చేయవచ్చని రుజువు చేసింది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు స్త్రీలకు ఇలాంటి అవకాశాలు పెంచుతామని ప్రకటించారు. ఈ అవకాశాన్ని నేను తక్కువ చేయడం లేదు. గుడివాడలోనో అవనిగడ్డలోనో ఉంటూ తన సంపాదనను తన ఖాతాలో చూసుకోవడం ఏ స్త్రీకైనా చిన్న విషయం కాదు. ఏ షరతుల మీద అన్నదే ప్రశ్న.

ముందు పని స్వభావం చూద్దాం. ఎక్కడో ఉన్న కంపెనీ రౌటర్లను, స్విచ్‌లను నెట్‌వర్క్ ఇంజనీరు దూరం నుంచే చూసుకుంటుంది. లింకు తెగితే టికెట్ వస్తుంది. ఇన్ని నిమిషాల్లో స్పందించాలని ఒప్పందం ఉంటుంది. అమెరికా వారి పగలు మనకు రాత్రి. పరికరాల్లో మార్పులు మాత్రం సాధారణంగా అక్కడి జనం నిద్రపోయే వేళ చేస్తారు. న్యూయార్క్‌లో అర్ధరాత్రి అంటే వేసవిలో మనకు ఉదయం తొమ్మిదిన్నర. కాబట్టి రాత్రి టికెట్లు, పొద్దున మార్పులు. ఈ రెంటి మధ్య పిల్లల క్యారేజీలు, పెద్దవాళ్ళ మందులు. 'ఇంట్లోనే ఉన్నావుగా' అనే ఒక్క మాటతో అన్నీ ఆమె మీదికే వస్తాయి. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంట్లోకి ఆఫీసు వచ్చినంత మాత్రాన ఈ లెక్క దానంతటది మారదు.

ఇది మనకు కొత్త కథ కాదు. పక్కనే ఉన్న గోదావరి డెల్టాలో నర్సాపురం లేసు కార్మికుల మీద మారియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆ స్త్రీలు అల్లిన లేసు విదేశాలకు వెళ్ళింది, వ్యాపారులకు లాభాలు తెచ్చింది. అల్లినవాళ్ళు మాత్రం తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులుగానే లెక్కకొచ్చారు. కార్మికురాలు అన్న గుర్తింపు లేనిచోట కూలిరేటు గురించి అడిగే హక్కు కూడా లేకపోయింది. లేసుకూ రౌటరుకూ పోలికేమిటని అడగవచ్చు. ఆదాయంలో పోలిక లేదు. కానీ ఇల్లు అనే మాట శ్రమను కనబడకుండా చేసే తీరు ఒకటే.

ఇప్పుడు కాంట్రాక్టు సంగతి. విదేశీ క్లయింటు పనిని పెద్ద కంపెనీకి ఇస్తాడు. ఆ కంపెనీ మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీకి, ఆ ఏజెన్సీ మరో చిన్న ఏజెన్సీకి అప్పగిస్తాయి. ప్రతి మెట్టు దగ్గరా కొంత కోత పడుతుంది. చివరి మెట్టు మీద ఉన్న స్త్రీ చేతికి చాలాసార్లు 'కన్సల్టెంట్' అనే కాగితం వస్తుంది. అప్పుడు ఆమెకు ఇచ్చేది జీతం కాదు, ఫీజు. ప్రావిడెంట్ ఫండ్ లేదు, జీతంతో సెలవు లేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, వాంబే కాలనీ మునిగిపోయాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ వద్ద వరద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆఫీసు మునిగితే ఆ నష్టం యజమానిది. ఇల్లే ఆఫీసయినప్పుడు మునిగిన మోడెమ్, ఇన్వర్టర్ ఆమెవే. గంటల లెక్కన బిల్లు అయ్యే మనిషికి కరెంటు లేని రోజులన్నీ సున్నాలే. రాత్రి షిఫ్టుకు ఆఫీసుకు వచ్చే స్త్రీకి యజమాని రవాణా, భద్రత కల్పించాలన్న షరతులున్నాయి. ఇంట్లో రాత్రంతా మేలుకునే స్త్రీ ఆరోగ్యం ఎవరి బాధ్యత?

చట్టాలు అసలే లేవని కాదు. అర్హత ఉన్న ఉద్యోగినికి మొదటి రెండు కాన్పులకు జీతంతో 26 వారాల ప్రసూతి సెలవు 2017 సవరణతో వచ్చింది. ఆ సెలవు తర్వాత పరస్పర అంగీకారంతో ఇంటి నుంచి పనిచేసే వీలు కూడా ఆ సవరణలోనే ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి. అయితే 'ఉద్యోగి' అన్న మాట దగ్గరే కన్సల్టెంటుకు తలుపు మూసుకుంటోంది. లైంగిక వేధింపులపై 2013 చట్టం ఇంతకంటే విశాలమైనది. కాంట్రాక్టు కార్మికురాలు, ఏజెంటు ద్వారా వచ్చినామె కూడా దాని పరిధిలో ఉన్నారు. పని ప్రదేశం నిర్వచనంలో నివాస గృహం కూడా ఉంది. రాత్రి వీడియో కాల్‌లో పై అధికారి అసభ్యంగా మాట్లాడితే ఆమె ఇంట్లో ఉందన్నది సాకు కాకూడదు. ఫిర్యాదు యజమాని మీదే అయినా, సంస్థలో పదిమంది కూడా లేక అంతర్గత కమిటీ లేకపోయినా జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి ఆధారిత పని మీద 177వ ఒప్పందం చేసింది. ఇంట్లో వస్తువు తయారుచేసేవారినే కాదు, సేవ అందించేవారిని కూడా అది గుర్తిస్తుంది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. ఈ డిమాండ్‌ను బీడీ, లేసు కార్మికులతో పాటు ఈ ఇంజనీర్లు కూడా తమదిగా చేసుకోవాలి.

మనం చేయగలిగిన మొదటి పని చిన్నదే. మీ ఊళ్ళో, మీ వీధిలో ఇలా పనిచేసే అమ్మాయిలను వారి కాంట్రాక్టు కాగితాలతో ఒకచోట కూర్చోబెట్టండి. ఉద్యోగి అని ఉందా, కన్సల్టెంట్ అని ఉందా? పని గంటలు రాశారా? కరెంటు, ఇంటర్నెట్ ఖర్చు ఎవరిది? కాన్పయితే ఏమిటి? విడివిడి గదుల్లో రాత్రంతా ఒంటరిగా పనిచేసేవాళ్ళు ఒకరి కాగితం ఒకరు చదివినప్పుడు, ఇది తన ఒక్కదాని సమస్య కాదని ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది. సంఘం మొదలయ్యేది అక్కడే.