వసతిగృహ విద్యార్థులకు నేల లెక్క, నీటి లెక్క
(మహాసభయందు విద్యోపసంఘము పక్షమున చేసిన ఉపన్యాసము)



విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, బాలికల చదువును గూర్చియు మన మహాసభలయందు పెద్దలు ఏటేట చెప్పుచునే యున్నారు. మేము నేడు విన్నవింపదలచినది దానికి చేరువయైన వేఱొక విషయము. మనలో పెక్కు కుటుంబములు ఇప్పటికిని నేలను నమ్ముకొనియే జీవించుచున్నవి. ఆ కుటుంబముల బిడ్డలు పట్టణములకు వచ్చి మన వసతిగృహములలో నుండి చదువుకొనుచున్నారు. సేద్యమును తోటపనియు నేలకును, నీటికిని, గాలికిని ఏమి చేయుచున్నవో ఆ బిడ్డలకు నేర్పవలయునని మా మనవి.

పర్యావరణ విద్యను పాఠశాలలలో తప్పనిసరిగా బోధింపవలయునని భారత సర్వోన్నత న్యాయస్థానము 1991వ సంవత్సరముననే ఆదేశించినది. పాఠములును వచ్చినవి. అయినను పాఠము పుస్తకములోను, పొలము ఊరిలోను ఉండిపోవుచున్నవి. అంతకంటె చింతింపవలసిన దింకొకటి కలదు. సగము తెలిసిన విద్యార్థి, మందు చల్లిన తన తండ్రినే దోషిగా నెంచి, సేద్యమనిన సిగ్గుపడుచున్నాడు. ఏమియు తెలియని బిడ్డ వలన నేలకు మేలు లేదు. తండ్రిని తూలనాడు బిడ్డ వలన కుటుంబమునకు మేలు లేదు. ఈ రెంటికిని విరుగుడు లెక్క నేర్పుటయే.

రైతు చిట్టాలో విత్తనము, ఎరువు, కూలి, కౌలు, వడ్డీ అన్నియు ఎక్కును. నేలనుండి తీసినది, బావినుండి తోడినది, కాలువలోనికి పోయినది మాత్రము ఎక్కవు. ఆ విడిచిన పద్దులను వ్రాయుట మన పిల్లలకు నేర్పినచో, తప్పు ఎవరిదన్న వాదము తగ్గి, చేయవలసిన పని కనబడును.

మొదటిది ఎరువు లెక్క. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. 45 కిలోల బస్తాలో సుమారు 20.7 కిలోల నత్రజని యున్నదని ఆఱవ తరగతి బాలుడైనను గుణించి చెప్పగలడు. చల్లినదంతయు పైరునకు దక్కదు. కొంత గాలిలో కలియును. కొంత నైట్రేటుగా మాఱి నీటితో క్రిందికి దిగి బావులలో చేరును. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. మించినచో పసిబిడ్డలకు ముప్పు. కాగా వృథాయైన ఎరువు తండ్రి సొమ్మునకు నష్టము, ఊరి నీటికిని నష్టము. జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి కలియదున్నిన మన తాతల పద్ధతికి కారణమును ఇచ్చటనే చెప్పవచ్చును. ఆ మొక్కల వేళ్లను పెఱికి చూపినచో బుడిపెలు కనబడును. వానిలోని సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చుచున్నవి.

రెండవది నీటి లెక్క. వరిమడిలో ఎడతెగక నీరు నిలిచినచో మట్టికి గాలి తగులదు. మీథేను వాయువు పుట్టి భూమి వేడిని పెంచును. చిల్లులు పెట్టిన గొట్టమొకటి మడిలో పాతి, నీటిమట్టము నేలకు 15 సెంటీమీటర్లు దిగువకు పోయిన పిదప మరల తడి పెట్టు పద్ధతి కలదు. పూతదశలో మాత్రము నీరు నిలుపవలయును. దీనివలన నీరు మిగులును, ఆ వాయువును తగ్గును. అట్టి గొట్టమును విద్యార్థులే చేయగలరు.

తోటలు పచ్చగా నుండును గాన వాని వలన హాని లేదని తలచుట సరికాదు. అనంతపురము జిల్లాలో చీనీ తోటలు అనేక కుటుంబములను నిలబెట్టినవి. కాని వాన లేని యేట వేరుసెనగ రైతు విత్తక మానుకొనగలడు. చీనీ తోట రైతు చెట్టును ఎండనీయలేడు. కాబట్టి బోరు మీద బోరు వేయును, అప్పు మీద అప్పు చేయును. క్రొత్త బోరునకు అనుమతి పొందవలయునని 2002వ సంవత్సరపు జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము ఏల చెప్పినదో ఈ యొక్క ఉదాహరణముచే బోధపడును. చెట్టు నాటుటకు ముందే నీటి లెక్క చూడవలయునన్నది పాఠము.

మూడవది పురుగు లెక్క. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తిపై తెల్లదోమ విరుచుకొని పడినది. మందుమీద మందు కొట్టినకొలది పురుగు మందునకు అలవాటుపడెను. దానిని తిను మేలుచేయు పురుగులు చచ్చెను. అప్పులు తీర్చలేక రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆనాటి రైతు అజ్ఞాని కాడు. పురుగు మఱియొక పురుగునకు ఆహారమను సంగతి అతనికి ఎవరును లెక్కగట్టి చూపలేదు. ఖమ్మము జిల్లాలో నుండిన పునుకుల గ్రామస్థులు 2003వ సంవత్సరము నాటికి పురుగుమందులు మానివేసి ప్రత్తి పండించిరి. వేపగింజల కషాయము, లింగాకర్షక బుట్టలు, ఎరపైరులు వారి సాధనములు. పొలము గట్టున ఆముదపు మొక్క ఏల నుండవలయునో విద్యార్థి తెలిసికొనవలయును: పొగాకు లద్దెపురుగు దాని ఆకులపై గ్రుడ్లు పెట్టును, ఆ ఆకులను ఏరి నాశనము చేసిన చాలును. పేనుబంకను తిను అక్షింతల పురుగును గుర్తుపట్టగల బాలుడు మందు డబ్బాను ముట్టుటకు ముందు ఒకసారి ఆలోచించును.

ఇంకొక ప్రయోగము మిక్కిలి సులభము. విచ్చబోవు గుమ్మడి ఆడుపూవునకు పలుచని గుడ్డసంచి కట్టి, ప్రక్కనున్న మఱియొక దానిని విడిచిపెట్టవలయును. సంచి కట్టిన పూవు పిందె నిలువక రాలిపోవును. తేనెటీగ చేయు కూలి ఎంతటిదో బాలబాలికలు కన్నులార చూతురు.

ఇక మేము కోరునది చెప్పెదము. ప్రతి వసతిగృహపు పెరటిలోను రెండు మడులు కట్టించుడు. ఒకదానికి రసాయనపు టెరువు, రెండవదానికి పెంటయెరువును పచ్చిరొట్టయు వేసి, ఒకే కూరగాయను పెంచి, ఖర్చును, నీటిని, దిగుబడిని విద్యార్థులచే వ్రాయింపుడు. ఏ మడి గెలిచినను దాచక వ్రాయవలయును. సంక్రాంతికిని, వేసవికిని ఇంటికి పోవు ప్రతి విద్యార్థియు బావిలో త్రాడు దింపి నీటి లోతును, వేసిన బస్తాలను, కొట్టిన మందులను ఒక పుస్తకమున వ్రాసి తేవలయును. బాలికలకును ఇది సమానముగా నేర్పవలయును. నాట్లు, కలుపు, ప్రత్తితీత స్త్రీల చేతిమీదుగనే జరుగుచుండగా, మందు మొదట తగులునది వారి చేతులకే గదా! 1945లో స్థాపింపబడిన బాపట్ల వ్యవసాయ కళాశాలనుండియు, వెంకటరామన్నగూడెమునందలి ఉద్యాన విశ్వవిద్యాలయమునుండియు పండితులను ఏటికొకసారి పిలిపించి ఆ పుస్తకములను చూపింపుడు.

పోషకులారా! విద్యాదానమునకు మీరు ఎన్నడును వెనుదీయలేదు. భవనమునకు ఇచ్చినట్లే రెండు మడులకు చాలినంత స్థలమును, పుస్తకములకును బహుమానములకును ఒక చిన్న శాశ్వతనిధిని దయచేయుడు. బహుమానము ఎక్కువ పండించినవానికి గాక, సరిగా లెక్క వ్రాసినవానికి ఈయవలయును. మీ తోటలలో ఒక మూలను పిల్లల పరీక్షలకు విడిచినచో మఱింత మేలు.

ఒక్క హెచ్చరిక. పుస్తకము పట్టుకొని ఇంటికి పోయిన బిడ్డ తండ్రికి నీతులు చెప్పరాదు. అప్పులో నున్నవాడు ఒక్క కారులో పద్ధతి మార్చుకొనలేడు. బిడ్డ అడుగవలయును, కొలువవలయును, వ్రాయవలయును. తండ్రి ఆ పుటను చూచి అరయెకరములోనైనను క్రొత్త పద్ధతిని పరీక్షింప పూనుకొనిన, అదియే మన విద్యకు ఫలము.

మన బిడ్డలలో కొందఱు ఉద్యోగములకు పోవుదురు, పోనిండు. నేలకు తిరిగి వచ్చువారికి చవుడుబారని నేలయు, ఎండని బావియు మిగిలియుండవలయును. పోవువారికి తాము తిను అన్నము ఎట్లు వచ్చుచున్నదో తెలిసియుండవలయును. ఈ కార్యమును సభవారు తీర్మానరూపమున ఆమోదింతురని నమ్మి, మా విన్నపమును ముగించుచున్నాము.