ట్రాంబ్లేలు: ఒక ఇంటిపేరు ప్రస్థానం



జీవితమంతా పాత దస్తావేజుల మధ్యే గడిపిన మాస్టారి స్మారక సభ ఇది. మనుషుల పేర్లలోంచి ఊళ్ల చరిత్రను వెలికితీయడం ఆయనకు ప్రాణం. అందుకే ఈసారి ఒక ఫ్రెంచి ఇంటిపేరు కథ ఎంచుకున్నాను. ఆ పేరు ట్రాంబ్లే.

గాలి సోకితే చాలు ఆకులు వణికే చెట్టు ఒకటి ఫ్రాన్సులో ఉంది. ఆ చెట్లు గుంపుగా పెరిగిన చోటును ట్రాంబ్లే అన్నారు. ఆ పేరుతో ఊళ్లు వెలిశాయి. ఆ ఊళ్లవాళ్లకు అదే ఇంటిపేరైంది. మన ఇంటిపేర్లలోనూ ఊరిపేర్లు కొల్లలు కదా! కాబట్టి ఫ్రాన్సులో ఇద్దరు ట్రాంబ్లేలు ఎదురుపడితే చుట్టాలనుకోనక్కరలేదు.

అట్లాంటిక్ దాటాక సంగతి వేరు. పెర్ష్ ప్రాంతంలోని రాండొనే గ్రామస్థుడు పియేర్ ట్రాంబ్లే 1647లో పని ఒప్పందం మీద ఉత్తర అమెరికాలోని ఫ్రెంచి వలస న్యూ ఫ్రాన్స్ చేరాడు. 1657 అక్టోబరు 2న క్యూబెక్ పట్టణంలో ఒజాన్ అషోన్‌ను పెళ్లాడాడు. ఆమెది లా రొషెల్ ప్రాంతం. వారికి 12 మంది సంతానం. వంశం నిలిపిన కొడుకులు నలుగురు. నేడు ఉత్తర అమెరికాలోని ట్రాంబ్లేలు దాదాపు అందరూ ఆ నలుగురి సంతతే.

ఇంత ధీమాగా చెప్పగలగడానికి కారణం చర్చి రిజిస్టర్లు. బాప్తిస్మం, పెళ్లి, ఖననం అన్నీ మతగురువులు రాసిపెట్టారు. గత శతాబ్దంలో మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, షికూటిమీలో చరిత్రకారుడు జెరార్ బుషార్ బృందం వాటిని కంప్యూటర్‌కెక్కించి కుటుంబాలను కలిపారు.

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువమందికున్న ఇంటిపేరు ఇదే. నూటికి ఒకరికి పైగా ట్రాంబ్లేలే. సంతానం ఎక్కువ కావడం ఒక్కటే దీనికి కారణం కాదు, భూమి కూడా కలిసొచ్చింది. ఈ కుటుంబం సెయింట్ లారెన్స్ నది వెంట దిగువకు, షార్ల్వా ప్రాంతానికి విస్తరించింది. అక్కడ జనం పెరిగి పొలం చాలనప్పుడు, 1838లో లా మాల్బే నుంచి 21 మంది వాటాదారుల సంఘం కలప కోసం సగ్నే లోయకు దారితీసింది. దాని నాయకుడు అలెక్సిస్ ట్రాంబ్లే. కలప వెనకే సేద్యం, సేద్యం వెనకే ఊళ్లు వచ్చాయి. బయటివారు తక్కువగా రావడంతో తొలి కుటుంబాల పేర్లే అక్కడ గుత్తకు తీసుకున్నట్టు పెరిగాయి. ఆ కొద్దిమంది పూర్వీకుల జన్యువులూ అలాగే పెరిగాయి. టైరోసినీమియా అనే అరుదైన వంశపారంపర్య వ్యాధి వాహకులు ఆ ప్రాంతంలో దాదాపు 20 మందికి ఒకరు.

అలాగని క్యూబెక్ వంశాలన్నిటిలో పియేర్‌దే పెద్దదా? కాదు. 1634లో పెర్ష్ నుంచే వచ్చిన వడ్రంగి జకారీ క్లూటియేకు 1800 నాటికి 10,850 మంది వారసులున్నారని మాంట్రియల్ పరిశోధకులు లెక్కగట్టారు. తొలి వలసదారుల్లో అదే పెద్ద సంఖ్య. అయినా క్లూటియే పేరు ట్రాంబ్లే అంత వ్యాపించలేదు. ఎందుకంటే ఆయన వంశంలో చాలా భాగం కూతుళ్ల ద్వారా సాగి ఇతర ఇంటిపేర్లలో కలిసిపోయింది. ఒజాన్ సంగతీ అంతే. 12 మందిని కన్న తల్లి పేరు ఒక్క బిడ్డకూ రాలేదు.

క్యూబెక్ చట్టం 1981 నుంచి భార్య పుట్టింటి పేరునే నిలిపింది. పిల్లలకు తల్లి పేరు పెట్టే వీలూ కల్పించింది. కానీ గడిచిన మూడు శతాబ్దాల లెక్క అంతటితో సరిపోదు. ఇంటిపేర్లు లెక్కపెడితే కొడుకుల చరిత్రే తెలుస్తుంది. వంశచరిత్ర రాయదలచినవారు కూతుళ్ల పెళ్లి రిజిస్టర్లు కూడా తిరగేయాలి.