ఊపిరి దారి మూసుకుపోతున్నప్పుడు



పన్ను నొప్పే కదా అని లవంగం పెట్టుకుని ఊరుకుంటాం. కింది దవడ వెనక పళ్ల వేళ్లలో పట్టిన చీము ఒక్కొక్కప్పుడు నాలుక కిందికి, గడ్డం కిందికి పాకుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఆ చోటంతా చెక్కలా గట్టిపడి, నాలుకను పైకీ వెనక్కీ నెడుతుంది. 1836లో దీన్ని వివరించిన జర్మన్ వైద్యుడి పేరు మీద లుడ్విగ్ యాంజైనా అంటారు. గుండెకు వచ్చే యాంజైనాతో దీనికి సంబంధం లేదు. నోరు తెరుచుకోదు, ఉమ్ము మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది. రోగి ముందుకు వంగి కూర్చుంటేనే ఊపిరి ఆడుతుంది.

అప్పుడు ఇంటివాళ్లు మత్తు డాక్టర్లమైన మమ్మల్ని అడిగేది ఒకటే: "చూడలేకపోతున్నాం డాక్టరుగారూ, ముందు మత్తిచ్చి నిద్రపుచ్చండి." అడగడంలో తప్పు లేదు. కాని ప్రమాదమంతా అక్కడే ఉంది. మెలకువగా ఉన్నంతసేపూ గొంతు కండరాలు బిగువుగా ఉండి, మిగిలిన ఆ కాస్త దారినీ తెరిచి ఉంచుతాయి. నిద్రమందు ఎక్కగానే అవి సడలి, దారి మూసుకుపోవచ్చు. ఆపైన మాస్కు పెట్టి గాలి కొట్టినా లోపలికి పోదు. ప్రాణవాయువు అందకపోతే కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుంది.

అందుకే రోగిని కూర్చోబెట్టే ఉంచి, ప్రాణవాయువు ఇస్తూ, ముక్కునూ గొంతునూ లిగ్నోకేయిన్‌తో మొద్దుబారుస్తాం. లోపలి దృశ్యం చూపించే ఫైబర్ ఆప్టిక్ స్కోపును ముక్కులోంచి పంపి, దాని మీదుగా గొట్టాన్ని శ్వాసనాళంలోకి జారుస్తాం. ఇలాంటి మెత్తని స్కోపుతో ముక్కుగుండా గొట్టం వేసిన సంగతి 1967లో మొదటగా ప్రచురితమైంది. ఆ స్కోపు పిత్తనాళం చూడడానికి చేసింది! గొట్టం సరిగా చేరిందని రూఢి చేసుకున్నాకే నిద్రమందు. ఆ తర్వాతే చీము తీయడం.

స్కోపు లేకపోయినా, వాపు మరీ ముదిరినా, మెడ ముందు మొద్దుబారే ఇంజెక్షను ఇచ్చి, మెలకువలోనే శ్వాసనాళానికి రంధ్రం చేస్తారు. సంతకం దగ్గర చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఒక రాత్రి ఒక పెద్దాయన, "గొంతుకు కన్నం పెడితే మావాడి మాట పోదాండీ?" అంటూ కలం పట్టుకుని కూర్చుండిపోయారు. ఆయన ఆలోచించుకుంటున్నంతసేపూ నా చెవులు ఆ కుర్రవాడి ఊపిరి చప్పుడు మీదే ఉన్నాయి. గొట్టం ఉన్నన్నాళ్లు ఊపిరి స్వరపేటికకు కిందనుంచే పోతుంది గనుక మాట రాదు. గొట్టం తీశాక సాధారణంగా మాట తిరిగి వస్తుంది, రంధ్రమూ పూడుతుంది. అంతా విని సంతకం పెట్టారు. కుర్రవాడు బతికాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే ఆసుపత్రికి తెచ్చే దారిలో వెల్లకిలా పడుకోబెట్టకండి. నిద్రమాత్ర వేయకండి. ఆపరేషను పడవచ్చు గనుక అన్నం, కాఫీ పెట్టకండి. ఎలా కూర్చుంటే ఊపిరి ఆడుతుందో అలాగే కూర్చోనివ్వండి.