నచ్చని మాటకు చోటు

నాలుగు త్రోవలు కలియుచోట కొందరు నిలిచి మన దైవమును నిందించుచు, మన ఆచారములను పరిహసించుచు కేకలు వేసిన, మనమేమి చేయవలెను? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతవాసులకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

ఫణిగిరి కొండమీద బౌద్ధవిహారపు శిథిలములున్నవి. కృష్ణా మూసీ సంగమమైన వాడపల్లిలో శివుడును నరసింహస్వామియు ఒకే ఊర వెలసినారు. జాన్‌పహాడ్ దర్గాకు హిందువులును మ్రొక్కులు చెల్లింతురు. ఇది మనకు గర్వకారణమే. కాని నచ్చినదానిని సహించుట గొప్ప కాదు. నొప్పించినదానిని సహించుటలోనే పరీక్ష యున్నది.

నిజాం పాలనలో 'గస్తీ నిషాన్ 53' అను ఉత్తరువుండెడిది. సర్కారు అనుమతి లేనిదే బహిరంగసభ జరుగరాదు. 1941లో కోదాడ చేరువనున్న చిలుకూరులో సమావేశమైన ఆంధ్ర మహాసభవారికి ఆ ఉత్తరువు బరువు తెలియును. అంతకు ముందే, 1938-39లో, ఆర్యసమాజమువారు మతస్వేచ్ఛకై సత్యాగ్రహము సల్పిరి. వారి ఖండనములు అన్యమతస్థులకే గాక, విగ్రహారాధకులైన హిందువులకును రుచించునవి కావు. ఐనను వారి కోరిక న్యాయమైనదే.

అమెరికాలో 1938లో యెహోవా సాక్షుల శాఖకు చెందిన యువకుడొకడు కేథలిక్కులు నివసించు వీథిలో, వారి మతమును తిట్టెడి గ్రామఫోను రికార్డును వినిపించెను. విన్నవారు మండిపడిరి. పొమ్మనగా అతడు వెడలిపోయెను. క్రింది కోర్టులు అతనిని శిక్షించినను, 1940లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దుచేసెను. అతడెవరినీ బెదిరింపలేదు, ఎవరి దారికీ అడ్డుపడలేదు గదా!

మన దేశమున 1927లో శిక్షాస్మృతిలో చేరి 2024 వరకు అమలులోనుండిన 295-ఎ సెక్షను సైతము ప్రతి నిందను నేరమనలేదు. బుద్ధిపూర్వకముగా, ద్వేషముతో చేసిన మతావమానమునే శిక్షించునని 1957లో మన సుప్రీంకోర్టు వివరించినది. ఒక తమిళ చలనచిత్రము విషయమున 1989లో ఇచ్చిన తీర్పులో, అల్లరి జరుగునను బెదిరింపునకు లొంగి ప్రభుత్వము వాక్స్వాతంత్ర్యమును అణచరాదనియు చెప్పినది.

ఇందులో ఒక గట్టి మెలకువ యున్నది. వినువారి కోపమే కొలబద్ద యైనచో, ఎవరి గుంపు పెద్దదో వారిదే న్యాయమగును. ఇచ్చట మనము పెద్ద గుంపు కావచ్చును. విదేశములలో గుడి కట్టుకొనిన మన బిడ్డలు అచ్చట గుప్పెడుమందియే. ఇచ్చట మనము చిన్నవారికి నిరాకరించిన రక్షణను అచ్చట ఏ నోటితో అడుగగలము?

హద్దులు లేకపోలేదు. కొట్టుమని పురికొల్పినను, ఇండ్ల ముందు నిలిచి బెదిరించినను, ఇతరుల పూజకు అడ్డువచ్చినను పోలీసువారు కలుగజేసుకొనవలసినదే. ఉత్త మాటలైనచో, పలికినవానిని గాక, అతనిపై చేయెత్తినవానిని ఆపవలెను. మనకు రోషము కలిగినదా? మరునాడు అదే కూడలిలో మన సభ పెట్టి బదులు చెప్పుదము. లేదా వినక సాగిపోవుదము. దూషణకు జడిసి కూలునంతటి బలహీనమైనది కాదు మన విశ్వాసము.