తోలు చేతిసంచికి వానకాలము

నేలపట్టు చెరువునకు గూడబాతులు చేరు దినములలోనే, దొరవారిసత్రమున బీరువా తెరచిన గృహిణికి ఖరీదైన నున్నని తోలుసంచిపై తెల్లని బూజు కనబడును. పులికాటు తేమగాలికి ఈశాన్యపు వాన తోడైన ఫలమిది. ఆతురపడి ఎండలో పెట్టరాదు. తోలులోని నూనె యింకి పగుళ్లువారును. ఆరుబయట పొడిగుడ్డతో బూజు దులిపి, తడిపి గట్టిగా పిండిన గుడ్డతో సంచినంతయు సమముగా తుడిచి, నీడను ఆరవేయవలెను. మరకనొక్కదానినే రుద్దినచో, తంగేడు పట్టతోను కరక్కాయతోను పదును చేసిన తోలుపై నీటిచార నిలిచిపోవును.

కొబ్బరినూనె మెరుగునిచ్చునని మేమును ఒకప్పుడు నమ్మితిమి. మా సంచి నల్లబడి కంపు కొట్టినది! తోలునకు తగిన మైనము కొద్దిగా చాలును. పిమ్మట లోపల తెల్లకాగితము కూరి నూలుగుడ్డ సంచిలో నుంచుడు; ప్లాస్టిక్ సంచి తేమను బంధించును. వానలు వెలియువరకు పక్షమునకొకసారి బయటికి తీసి గాలి తగులనిండు.