కంప్యూటరునకు అక్షరాజ్ఞలు



1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. 1935లో కృష్ణా కాలువపై గ్రంథాలయము పడవ యెక్కి పల్లెలకు వచ్చినది. నేడు గ్రంథాలయములలో కంప్యూటరు చేరినది. బొమ్మలను నొక్కి దానిని నడుపుట పలువు రెరుగుదురు. అక్షరములు వ్రాసి ఆజ్ఞాపించుట మాత్రము పండితుల పనియని జంకుదురు. చదువను వ్రాయను నేర్చినవారికి ఆ జంకు అక్కరలేదు.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు ఆరంభించిన యూనిక్సు ఇట్లే నడచినది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలిడిన లినక్సునందును ఇది నిలిచియున్నది. లినక్సులో ‘టెర్మినల్’ను తెరచినచో ఒక గుర్తు ఆజ్ఞకై వేచియుండును. ఇంగ్లీషు చిన్న బడి అక్షరములతో ‘పీడబ్ల్యుడీ’ అని వ్రాసి ఎంటరు మీట నొక్కినచో, బీరువా అరవంటి ఏ ఫోల్డరున నున్నదియు తెలియును. ‘ఎల్‌ఎస్’ అందలి ఫైళ్ల పేర్లు చూపును. ‘సీడీ’ వ్రాసి, ఖాళీ విడిచి, మరియొక ఫోల్డరు పేరు చేర్చినచో అందులోనికి కొనిపోవును.

గ్రంథాలయపు పుస్తకముల పట్టిక, పంక్తికొక పుస్తకము చొప్పున, ఒక ఫైలునం దున్నదనుకొనుడు. ‘గ్రెప్’ తరువాత ‘నవల’ అను తెలుగు మాటయు, ఫైలు పేరును వ్రాసినచో ఆ మాటగల పంక్తులే వెలువడును. ప్రక్కన నిలువుగీత గీసి ‘డబ్ల్యుసీ’ చేర్చినచో ఆ పంక్తుల లెక్కయు వచ్చును. 1973లో డగ్లస్ మెకిల్‌రాయ్ ప్రేరణచే యూనిక్సున చేరిన ఈ గీతలోని మర్మము డెల్టా రైతునకు తెలిసినదే. కాలువ నీరు తూముగుండ బోదెకును, బోదెనుండి మడికిని పారునట్లు, ఒక ఆజ్ఞ ఫలితము రెండవ ఆజ్ఞలోనికి పారును.

అయితే తూమెత్తువాడు పల్లమెటో చూచుకొనవలెను. ‘ఆర్‌ఎమ్’ అను ఆజ్ఞ ఫైలును తుడిచివేయును. సాధారణముగా అది ‘నిజమేనా’ యని అడుగదు, చెత్తబుట్టలోనైనను దాచియుంచదు. ఇరువదియైదేండ్లుగా దాత లిచ్చిన గ్రంథముల పట్టిక క్షణములో మాయము కావచ్చును. కావున క్రొత్తవారు ‘సీపీ’ ఆజ్ఞతో పట్టికకు నకలు తీసి, ఆ నకలుపైననే అభ్యసింపవలెను. మీట నొక్కుటకు ముందు వ్రాసిన పంక్తిని మరల చదువవలెను. సందేహము కలిగినచో ‘మాన్’ వ్రాసి, ఆజ్ఞ పేరు చేర్చినచో దాని వివరణము తెరపైకి వచ్చును.

దీనికి వలయు సామగ్రి స్వల్పము: ఒక యంత్రము, ఒక నకలు పట్టిక, సాయంకాలము ఒక గంట. పుస్తకమును నిదానించి చదువుట నేర్పిన గ్రంథాలయమే, ఆజ్ఞను నిదానించి పంపుటయు గ్రామ యువజనులకు నేర్పగలదు.